బిళ్ళ కదలకూడదు

టిక్!

రైఫిల్ గొట్టం మీద పెట్టిన రూపాయి బిళ్ళ జారి నేల మీద పడుతుంది.

"మళ్ళ పడ్డది!" గండయ్య గొంతు చెవి పక్కనే. "ఏందే గిది? జల్దీ జెప్పు!"

హరిచందన వంగి బిళ్ళ తీస్తుంది. ఎదురుగా గోడకి ఆనించి కట్టేసి ఉంది చెల్లెలు హర్షిత. కండ్లకోయలో కాలేజీ బస్సెక్కబోతున్న పిల్లని బండిలో పడేసి ఎత్తుకొచ్చాడు వీడు. ఆ వెంటనే హరిచందనకి ఫోన్!

"పోలీసోళ్ళకి జెప్పినవో... నీ చెల్లె చెరువుల తేల్తది."

శామీర్‌పేట చెరువు పక్కన సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు. బయట అప్పుడే పొద్దు గుంకింది.

తూంకుంటలో రైఫిల్ షూటింగ్ నేర్పే హరిచందనకి వీడు అప్పజెప్పిన పని ఒక్కటే. ఈ రైఫిల్ ఎందుకు కదులుతోందో కనిపెట్టాలి. బాగుచేయాలి.

ఎవరిని చంపడానికి? అదీ దాచలేదు దుర్మార్గుడు! చెరువు భూమిలో ప్లాట్లు వేస్తున్నారని కోర్టుకెక్కిన కుర్మయ్యని. చేపలు పట్టేవాళ్ళ సొసైటీకి పెద్ద ఆయన. కాసేపట్లో తెప్ప మీద ఒడ్డుకొస్తాడు. పక్కనే ఫంక్షన్ హాల్లో పెళ్ళి. బరాత్ మొదలైతే పటాకులు మోగుతాయి. ఆ మోతలో ఇంకో మోత ఎవరికి వినపడుతుంది?

"నా వేలు మంచిగనే ఉన్నది. తుపాకే ఖరాబున్నది!"

"ఉండన్నా... చూస్తున్నాను."

 తూటా ఎక్కించే బోల్ట్‌ని వెనక్కి లాగుతుంది. లోపల వేలు పెట్టి తడుముతుంది. ఖాళీ! ఈ బిళ్ళ పరీక్ష ఖాళీ రైఫిల్‌తోనే చేస్తారు. ట్రిగ్గర్ నొక్కితే లోపల పిన్ను కొట్టుకుంటుంది. ఆ దెబ్బకి బిళ్ళ కదలకూడదు. కదిలిందా... గురి తప్పినట్టే.

మొదట అనుమానించాల్సింది మనిషిని. వాడి వేలు, వాడి భుజం, వాడి ఊపిరి. అందుకే రైఫిల్‌ని ఇసుక బస్తా మీద పడుకోబెడుతుంది. బిళ్ళ పెడుతుంది. ఊపిరి బిగబట్టి మెత్తగా నొక్కుతుంది.

టిక్!

పడింది!

అయితే మనిషి కాదు. తుపాకీదే తప్పు!

పిడి చెక్కకీ గొట్టం ఇనుముకీ మధ్య బొటనవేలు ఆనించి కదుపుతుంది. వేలి కింద ఏదో సన్నగా ఆడుతోంది. దొరికింది... రెండిటినీ కలిపే ముందు స్క్రూ వదులైంది! కొంచెం బిగిస్తే చాలు.

బిగిస్తే కుర్మయ్య పోతాడు. బిగించకపోతే హర్షిత!

దేవుడా... ఏం చెయ్యను?

స్క్రూ బిగించే ఆలెన్ కీ అందుకుంటుంది. మణికట్టు గట్టిగా తిప్పుతుంది. కీ కొనని మాత్రం స్క్రూ గాడిలోకి దిగనివ్వదు.

"బిగించానన్నా."

"ఏదీ, సూపెట్టు!"

ఎడమ చేత్తో చెక్కనీ ఇనుమునీ కలిపి పట్టేస్తుంది. చూసేవాడికి అది మామూలు పట్టే. గండయ్య బిళ్ళ పెడతాడు.

టిక్!

బిళ్ళ కదల్లేదు!

"శభాష్!" నవ్వుతూ రైఫిల్ లాక్కుంటాడు. జేబులోంచి తూటా తీస్తాడు. అంతలోనే ఆగుతాడు. ఆమె మొహంలోకి చూస్తాడు.

"ఇగ అయిపాయె గదా... ఇంకెందుకు గింత పరేషాన్?"

"భయంగా ఉందన్నా..."

"అబద్ధమాడినోళ్ళు గూడ గిట్లనే వణుకుతరు."

నీళ్ళ సీసా తీసుకెళ్ళి హర్షిత తల మీద పెడతాడు! 

"నిజంగ బాగుజేసినవా? అయితే పటాకులు మోగంగనే సీసాని నువ్వే కొట్టు!"

ఆమెని అవతలి గోడ దగ్గరికి తోస్తాడు. తూటా ఎక్కించి రైఫిల్‌ని బస్తా మీద పెడతాడు. వెనక్కి వెనక్కి నడిచి హర్షిత పక్కన నిలబడతాడు. చాచిన చేతిలో కత్తి హర్షిత మెడకి ఆనుకుంది.

"ఇగ రా. తుపాకి తీస్కో. గొట్టం నా దిక్కు తిరిగిందో... గొంతు కోస్త!"

తీసుకుంటుంది. చెంప ఆనిస్తుంది. 

ఆమె పట్టు ఖాళీ టిక్కుకి ఆగింది. నిజం తూటా దెబ్బకి ఆగుతుందా? ఛస్తే ఆగదు! గుండు ఎటు పోతుందో ఆమెకే తెలీదు. స్క్రూ వదులుందని చెప్పేస్తే? ఇక్కడే ఇద్దరినీ చంపి, తనే బిగించుకుంటాడు. ఆ తర్వాత కుర్మయ్య.

సీసా ఎంతుందని? నాలుగు వేళ్ళ వెడల్పు. దాని కిందే చెల్లెలి నుదురు.

"అక్కా... వద్దక్కా!"

"కళ్ళు మూసుకో అమ్మలూ. కదలకు!"

ధన్... ధనాధన్! పటాకులు! బరాత్ మొదలైంది! గండయ్య చూపు చటుక్కున కిటికీ వైపు తిరుగుతుంది. చెరువు మీద తెప్ప కోసం. మెడ మీది కత్తి ఒక్క జానెడు పక్కకి జరుగుతుంది.

వాడి ఛాతీ సీసా అంత సన్నం కాదు. జానెడు తప్పినా ఛాతీయే!

గొట్టం తిప్పేస్తుంది.

ఢాం!

పొగ. గన్‌పౌడర్ వాసన. చెవుల్లో హోరు. భుజం విరిగినంత నొప్పి.

"హర్షీ..! హర్షీ!"

హర్షిత కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. సీసా ఆమె తల మీద అలాగే ఉంది.

పక్కన గండయ్య నిలబడి లేడు.