వినబడని కీబోర్డు

నాలుగు పాటల పాటు కీబోర్డు కేబుల్ పీకేసి ఉంచారు. ఆ సాయంత్రం అనకాపల్లి స్టేడియంలో ఆరువేల మంది ఉన్నారు, ఒక్కరైనా గమనించలేదు. జనం సంగతి సరే, ఇరవై రెండేళ్లుగా ఆ కీబోర్డు వాయిస్తున్న ఏసుపాదానికి కూడా తెలియలేదు. నవ్వకండి. ఆయన కళ్లు మూసుకుని, తలూపుతూ, నాలుగు పాటలూ శ్రద్ధగా వాయించాడు.

ఉప్పుగాలి బ్యాండు వాళ్లు ఈ ప్రయోగం చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు. వచ్చే టూర్‌లో ముప్పై ఎనిమిది ఊళ్లున్నాయి, బస్సులో సామాను పట్టడం లేదు, ఏది లేకపోయినా జరుగుతుందో చూద్దామనుకున్నారు. మర్నాడు బస్సులో, బ్యాండులో పాడే మృదుల ఏసుపాదం పక్కన కూర్చుని దాచకుండా అంతా చెప్పేసింది. చెప్పడానికి ఆమెకీ బాధగానే ఉంది. రికార్డులు తయారుచేసే పని ఎలాగూ నీదే కదన్నా, ఇకనుంచి ఊళ్లు తిరగడం మానేసి స్టూడియో చూసుకో అంది. ఏసుపాదం కిటికీలోంచి చూస్తూ సరేనన్నాడు. యాభై మూడేళ్లొచ్చాయి. బస్సు సీట్లలో నడుం ఎప్పుడో పోయింది. ఏ ఊళ్లో ఇడ్లీ తింటున్నాడో కూడా పట్టించుకోనంత విసుగొచ్చేసింది. అయినా రావద్దనేసరికి ప్రాణం ఉసూరుమంది. ఆ టూర్లో తన చోటు తనకి కావాలి, అంతే.

ఇక్కడ తూకం గురించి చెప్పాలి. పూర్వం, అంటే మన రోజుల్లో, కచేరీ జరుగుతుంటే ఒక మనిషి బల్ల ముందు కూర్చునేవాడు. ఒక్కో వాయిద్యానికీ ఒక ఫేడర్ ఉండేది. పైకి తోస్తే ఆ వాయిద్యం గట్టిగా వినబడుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. ఆ పనినే మిక్సింగ్ అంటారు. 2041 నాటికి వేదికల దగ్గర ఆ మనిషీ లేడు, ఆ బల్లా లేదు. టిఫిన్ క్యారేజీ అంత పెట్టె ఒకటి ఉంది, దాని పేరు తూకం. సెకనుకి నాలుగు వందల సార్లు అన్ని వాయిద్యాల్నీ అదే సర్దుతుంది. హాల్లో స్పీకర్లకీ అదే, వాయించేవాళ్ల చెవుల్లో ఉండే ఇయర్‌ఫోన్లకీ అదే. దేశంలో అది లేని వేదిక లేదు. దానికి ఆ విద్య వచ్చింది ఏసుపాదం వల్లే. తొమ్మిదేళ్ల కిందట ఆయన మిక్స్ చేసిన పదమూడు వందల పాటలు తెచ్చి దానికి వినిపించారు. అంతకంటే మంచి చెవి ఇంకెవరికీ లేదన్నారు. ఆయన పొంగిపోయి ఒప్పుకున్నాడు కూడా.

తూకాన్ని తయారుచేసిన డాక్టర్ పరిమళకి ఏసుపాదం ఫోన్ చేశాడు. యంత్రం పాడైందేమో చూడమన్నాడు. ఆమె ఆ వారమే విశాఖలో ఆయన స్టూడియోకి వచ్చి, పెట్టె విప్పి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పరీక్షించింది.

"యంత్రంలో లోపం లేదు పాదం గారూ. కీబోర్డు వస్తే తగ్గించాలని అది నేర్చుకుంది. పదమూడు వందల పాటల్లో ఒక్కదాంట్లో కూడా మీది మీరు పెంచుకోలేదు. ఎందుకని?"

ఏసుపాదం స్టూడియోలోని తన పాత బల్ల వైపు చూశాడు. "సిగ్గేసేది మేడమ్. వాయించిందీ నేనే, బల్ల ముందు కూర్చున్నదీ నేనే. వెనకాల గిటారు అతనూ డ్రమ్స్ అతనూ నిలబడి చూస్తుంటారు. తనది తనే పెంచుకున్నాడనుకుంటారని, అందరికన్నా ఓ పిసరు కిందికి లాగేసేవాణ్ణి."

"సిగ్గంటే ఏమిటో దానికి తెలియదండీ. అది మీ అభిరుచి అనుకుని, ఏడాదికేడాది ఇంకో పిసరు తగ్గిస్తూ వచ్చింది."

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ మూడేళ్లలో దేశంలో నలభై బ్యాండ్లు కీబోర్డు వాళ్లని మాన్పించేశాయట. వినబడని వాయిద్యం ఎందుకని. తన మొహమాటం అంతమంది పొట్ట కొట్టిందని తెలిసి ఏసుపాదానికి అన్నం సహించలేదు.

దారి మాత్రం ఉందంది. ఓ పన్నెండు పాటలు, కీబోర్డు నిజంగా ఎంత వినబడాలనిపిస్తే అంత ఉంచి, మళ్లీ మిక్స్ చేసి ఇస్తే చాలు, తూకం దిద్దుకుంటుంది. ఏసుపాదం ఆ బల్ల ముందు పాత రికార్డింగు పెట్టుకుని, వెనకాల ఎవరూ లేరని ఒకసారి చూసుకుని, ఫేడర్ పైకి తోశాడు. తన వాయింపు తను స్పష్టంగా వినడం అదే మొదలు. ఎలాగూ ఎవరూ వినరన్న ధీమాతో ఇన్నేళ్లూ సగం మనసుతో వాయించాడని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. పాత వాయింపు తీసేసి, నాలుగు రోజులు కూర్చుని, పన్నెండు పాటలకీ కొత్తగా వాయించాడు.

అయిదో రోజు ఉదయం బ్యాండు వాళ్లని పిలిచి, తూకం కొత్తగా సర్దిన పాటలు వినిపించాడు. మొదటి పాటకే డ్రమ్స్ వాయించే జోగినాయుడు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మూడో పాటకి మృదుల కళ్లు తుడుచుకుంది.

"ఎక్కడ పట్టావన్నా ఈయన్ని?" అంది మృదుల.

వేణువుకీ వయొలిన్‌కీ ఆయన ఎప్పుడూ బయటివాళ్లని తెచ్చేవాడు. ఈ కీబోర్డూ అలాగే ఎవరో బయటివాళ్లు వాయించారనుకుంది.

"మన పాటల్లో ఏం తక్కువైందో ఇన్నాళ్లకి తెలిసింది. ఈయన్ని టూర్‌కి పిలు అన్నా. సామానుదేముంది, ఇంకో బస్సు పెట్టుకుందాం."

ఏసుపాదం వాళ్ల మొహాల్లోకి చూశాడు. ఎవరూ ఆటపట్టించడం లేదు. మూల కుర్చీలో ఉన్న డాక్టర్ పరిమళ ఏదో అనబోతే వద్దన్నట్టు తలూపాడు. నేనే అంటే సరిపోయేది. ఇరవై రెండేళ్లు ఒకే బస్సులో తిరిగినవాళ్లకి ఆ మాట తన నోటితో చెప్పుకోవాలంటే ఆయనకి మళ్లీ సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా నీరసం వచ్చింది.

"అడిగాను మృదులా. రానన్నాడు. బాగా అలిసిపోయాడట."

అయ్యో అంది మృదుల. నిజంగానే బాధపడింది.

ఆ వారం దేశంలో అన్ని తూకాలూ దిద్దుకున్నాయి. కీబోర్డు వాళ్లకి మళ్లీ గిరాకీ వచ్చింది. ఉప్పుగాలి వాళ్లు కూడా ముగ్గురు నలుగుర్ని పిలిచి విన్నారు. ఒక్కరూ ఆ రికార్డులో ఉన్న ఆయనంత బాగా వాయించలేదని, రాజమండ్రి నుంచి ఏసుపాదానికే ఫోన్ చేసి చెప్పుకున్నారు.