కుర్చీలో కూర్చున్న కథానాయకుడు

"కథానాయకుని శీలమును వివరింపుము."

ఆ ప్రశ్న చదివి, శాలిని ఆ నవల గైడును చచ్చిన బొద్దింకలా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఇదీ ఒక ప్రశ్నేనా? దీనికి జవాబు బట్టీ పట్టినోడు, ఆ నాయకుడే బజారులో ఎదురొస్తే 'ఎవరప్పా నువ్వు' అంటాడు."

మదనపల్లె డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూమ్ మొత్తం నవ్వింది. నవ్వనిది భానుప్రకాశ్ ఒక్కడే. గైడు రాసింది అతనే. కుప్పం నుంచి వచ్చి ఏడాదిగా ఆమెతోపాటే తెలుగు చెబుతున్నాడు.

"పిల్లకాయలు పాసవుతాండారు కదా మేడమ్."

"పాసవుతాండారు. నవల మాత్రం చదవడంలేదు. రేపు వాళ్లే ప్రశ్నలు అడుగుతారు. మీరు నాయకుడై కుర్చీలో కూర్చోని జవాబు చెప్పాల. ధైర్యముండాదా?"

"ఉండాది," అన్నాడు. లేదు. ఉంటే ఏడాదిగా మనసులో దాచుకున్న మాట ఆమెకెప్పుడో చెప్పేవాడు. ఆదివారం ఆమె పెళ్లిచూపులకు తిరుపతి నుంచి పెళ్లికొడుకువాళ్లు వస్తున్నారు. రేపు శనివారం.

మర్నాడు వాన. ఆ నవల్లో నాయకుడు మూడొందల పేజీలు రైల్వే స్టేషన్లో నిలబడి ఒక పిల్లను ప్రేమిస్తాడు. నోరు మాత్రం విప్పడు. క్లాసు ముందు ఆ మహానుభావుడి కుర్చీలో భానుప్రకాశ్ కూర్చున్నాడు.

పుస్తకంలో జవాబు దొరికే ప్రశ్న అడగకూడదని శాలిని బోర్డు మీద రాసింది.

వెనక బెంచీలోంచి వెంకటేశులు లేచాడు. "ఆ పాపకు పెండ్లి కుదురుతాంటే నువ్వు యాడుంటివప్పా?"

"స్టేషన్లోనే. సూస్తా ఉంటి."

"సూసేదానికి అదేమన్నా సినిమానా?"

క్లాసు గొల్లుమంది. "మంచి ప్రశ్న," అంది శాలిని, కసిగా.

కౌసల్య లేచింది. "సార్, నవల్లో మీ ఇల్లు స్టేషన్ పక్కనే కదా. రోజూ చీకటి పడినాకనే ఇల్లు చేరతాంటిరి. యాల, ఎందుకంత ఆలస్యం?"

భానుప్రకాశ్ కిటికీలోంచి వాన చూస్తూ చెప్పేశాడు. "ఆమె ఎక్కిన బస్సే ఎక్కి పుంగనూరు దాకా పోతా. వెనక సీట్లో. ఆమె దిగిపోయినాక, నేను దిగకుండా అదే బస్సులో తిరిగొస్తా."

కౌసల్య పేజీలు తిప్పింది. "సార్, ఈ నవల్లో బస్సు లేదు. పుంగనూరూ లేదు."

ఆ కాలేజీలో రోజూ పుంగనూరు బస్సెక్కే మేడమ్ ఎవరో క్లాసంతటికీ తెలుసు. తలలన్నీ శాలిని వైపు తిరిగాయి.

శాలిని చేతిలో చాక్‌పీసు విరిగింది. "నాదీ ఒక ప్రశ్న. ఏడాదిగా వెనక సీట్లో కూర్చున్నోడు మనిషా, లగేజీనా?"

అతను కుర్చీలోంచి లేచాడు. "మనిషే. నవల్లోవాడు కాదు, నేనే. ఆ తిరుపతోళ్లను రావద్దని చెప్పండి మేడమ్. మిమ్మల్ని నేను పెండ్లి చేసుకుంటా."

గంట కొట్టారు. ఒక్కరూ కదల్లేదు.

"లేచి నిలబడేదానికి ఏడాది పట్టింది," అంది శాలిని. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మా నాయన టమోటాను కూడా నొక్కి చూడందే కొనడు. ఆయన అడిగేవి మీ గైడులో ఉండవు. ఈ పొద్దు పుంగనూరులో దిగండి."

దిగాడు.

శాలిని నాయన చెంగల్రాయుడు అంతా విని, తడిసి ముద్దయిన ఆ లెక్చరర్‌ను కిందికీ పైకీ చూశాడు.

"ఏడాదిగా మా ఊరి దాకా వచ్చి, దిగకుండా పోతాంటివా? యాలప్పా?"

గైడు రాసినవాడు నోరు తెరిచాడు. మళ్లీ మూసి, తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు.

"ఆ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబు లేదు నాయనా," వంటింట్లోంచి శాలిని గొంతు వినిపించింది. "తిరుపతికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. ఈయనకు ముందు తువ్వాలియ్యి."

చెంగల్రాయుడు ముందు తువ్వాలిచ్చాడు. తర్వాత ఫోన్ అందుకున్నాడు.