పలకల ఫ్యాక్టరీలో తెల్లది

తర్లుపాడు రోడ్డులో మూతపడిన పలకల ఫ్యాక్టరీ ఉందే, పొద్దు గూకినాక ఆ పక్కకు ఎవరూ పోరు. ఎప్పటి నుంచో దానికి చెడ్డపేరు. పోయిన కార్తీకంలో మరీ ఎక్కువైంది. లోపల తెల్లటిదేదో తిరుగుతుందంట. అరిస్తే పోదు, రాయేస్తే పోదు... నెమ్మదిగా వచ్చి కాళ్ళ మీద కూర్చుంటుందంట.

మా మాల్యాద్రి మామ గొర్రెలు కాస్తాడు. ఆ నెలలోనే ఒకరోజు పొద్దు గూకేవేళ, నెలలు నిండిన గొర్రె ఒకటి మంద విడిచి తిన్నగా ఆ ఫ్యాక్టరీలోకే దూరింది. అక్కడ కుక్కలు తిరుగుతాయి. వదిలేస్తే తల్లీ పిల్లా రెండూ దక్కవు. మామ గేటు కాడ కాసేపు నిలబడి, తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకొని లోపలికి పోయినాడు.

చీకటి. కాళ్ళ కింద పలక ముక్కలు పటపటమంటున్నాయి. సెల్లు లైటు వేస్తే — మూలన గొర్రె పడుకొని ఉంది. పక్కన పలకల కుప్ప మీద గండుపిల్లి.

అప్పుడొచ్చింది... తెల్లగా, ఎర్రటి కళ్ళతో.

నేరుగా పిల్లి కాడికి పోయి దాని మీసాలు వాసన చూసింది. పిల్లి బిత్తరపోయి, ఒక్క కేక పెట్టి, కిటికీలోంచి దూకి పారిపోయింది!

తర్వాత అది మామ వైపు తిరిగింది.

"పో... పో..." అంటూ కర్ర ఊపినాడు. లెక్కచేయలేదు. వచ్చి కుడికాలి మీద ఎక్కి కూర్చుంది. వెచ్చగా...

"చిన్నాయనా... కదలొద్దు."

వెనక నుంచి గుసగుస. తిరిగి చూస్తే గుమ్మంలో తెల్లకోటు, విరబోసిన జుట్టు. మామ పైప్రాణాలు పైనే పోయినాయి.

"నేను మనిషినే! జాహ్నవిని, కనిగిరి పిల్లని. పక్కన ఫార్మసీ కాలేజీలో రీసెర్చి చేస్తా. నీ కాలి మీదున్నది మా ఎలుక."

ఆ పిల్ల వంగి ఎలుకను తీసి, బోనులో పెట్టి గడియేసింది. "నెల కిందట తప్పించుకుంది. దొరక్కపోతే నా రీసెర్చి ఆపేస్తానన్నారు మా మేడం. రోజూ వెతుకుతున్నా."

"ఇదేం ఎలుకమ్మా? పిల్లికే భయపడదే!"

"దానికి భయమే లేదు. మెదడులో కోట్ల కణాలుంటాయి కదా. మేము దీనికిచ్చిన విషం అన్నిటినీ ముట్టుకోదు. భయం పుట్టించే కణాల్లోకే దూరి వాటినే చంపుతుంది. పక్క కణాలకు ఏమీ కాదు. భయం ఎక్కడ పుడుతుందో తెలిస్తే, ఊరికే భయంతో వణికిపోయే రోగులకు మందు కనిపెట్టొచ్చు."

"నాకూ ఒక చుక్క వెయ్యి తల్లీ. రేపటి నుంచి మంద ఈ దారినే తోలుకొస్తా."

"వేస్తే లారీ ఎదురొచ్చినా పక్కకు జరగవు!"

ఇద్దరూ నవ్వినారు. మామ గొర్రెను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

బోనులో టకటక చప్పుడు...

ఎలుక వెనక్కి వెనక్కి జరిగి మూలకు అతుక్కుపోయింది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్ళంతా వణుకుతోంది. కళ్ళు మాత్రం — వాళ్ళ వెనకున్న మిషన్ల గది తలుపు మీదే.

"దానికేంది, చలా?" మామ గొణిగినాడు.

జాహ్నవి వంగి బోనులోకి చూసింది.

"చలి కాదు చిన్నాయనా... భయం."

రోడ్డెక్కేదాకా ఇద్దరూ ఆగలేదు. గొర్రె అక్కడే, రోడ్డు పక్కన ఈనింది. రెండు పిల్లలు. ముందుగా గేటు దాటింది ఎవరంటే మాత్రం — ఈ రోజుకీ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు.