ఐదో అంకె

గద్వాలలో బయలుదేరినప్పుడు పెంటయ్య దగ్గర ఉన్నవి సరిగ్గా నలభై రూపాయలు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక బస్సులన్నీ కట్టెబొగ్గుతో నడుస్తున్నాయి. నల్లమల కొండ మీద బొగ్గు కొని బస్సులవాళ్లకు అమ్మితే ఆ నలభై అరవై అవుతుందని ఇరవై రెండేళ్ల పెంటయ్య లెక్క. "నేను గూడ వస్త, కొండ సూస్త," అని పట్టుబడితే, పెళ్లయి నాలుగు నెలలైన కాంతమ్మను కూడా వెంట తీసుకెళ్లాడు.

కృష్ణానదిని గుండ్రటి పుట్టి తెప్పలో దాటారు. వనపర్తిలో ఆమెకు ఆకుపచ్చ గాజులు తొడిగించాడు, చేతికి పన్నెండు చొప్పున. నాగర్‌కర్నూల్ దారిలో బస్సు గుంతలో పడి, ఎడమ చేతి గాజు ఒకటి చిట్లింది.

"ఇగ పదకొండు," అన్నాడు వెంటనే.

"అబ్బ! నా తలెంట్రుకలు గూడ లెక్కవెట్టినవా ఏంది?" అని నవ్వింది.

లింగాల దాటాక, కొండ కింద నుంచి కట్టె గుత్తేదారు వేయించిన చిన్న రైలు ఉంది. పైకి ఖాళీగా పోతుంది, కిందికి బొగ్గుతో వస్తుంది. చివరి డబ్బాలో ఐదుగురు ఎక్కారు. బ్రేకు తిప్పే శంకరయ్య, బొగ్గు కాల్చే ఎల్లన్న, కూలీలకు ఆకువక్క అమ్మే అలివేలమ్మ, వీళ్లిద్దరూ. డబ్బాకు కప్పు లేదు. మధ్యాహ్నపు ఎండలో టేకు పూల వాసన. మలుపు మలుపుకూ లోకం కిందికి దిగిపోతోంది. అచ్చంపేట దిక్కు చేలు ఆరేసిన బట్టల్లా కనిపిస్తుంటే కాంతమ్మ చిన్నపిల్లలా లేచి నిలబడి చూసింది.

"కూసో బిడ్డా," అంది అలివేలమ్మ. "నువ్వు జారితె మీ ఆయన లెక్క తప్పుతది."

ముందు నల్లగా సొరంగం నోరు కనిపించింది. శంకరయ్య గొంతు సవరించుకున్నాడు.

"లోపల పొగకు లాంతరు గూడ ఆరిపోతది. ఎవరన్న జారి పడ్డా తెల్వదు. గందుకె వరుసగ అంకెలు చెప్పాలె. నేను ఒకటి, ఎల్లన్న రెండు, అవ్వ మూడు, నువ్వు నాలుగు, నీ పెండ్లాం ఐదు. ఎవరి అంకె వాళ్లే చెప్పాలె. ఒకరిది ఇంకొకరు చెప్పొద్దు."

"చెప్తె ఏమైతదన్నా?" అన్నాడు పెంటయ్య.

శంకరయ్య బ్రేకు మీదికి వంగాడు. ఎల్లన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చీకటి ఒక్కసారిగా మీద పడింది. తడిరాతి వాసన, గబ్బిలాల కంపు. చేయి చాపితే గోడ తగిలేంత ఇరుకు. చక్రాలు తడిపట్టాల మీద జారాయి... ఇంజను మూలిగింది... బండి ఆగిపోయింది. పొగ వెనక్కు వచ్చి గొంతులో కూర్చుంది. దిగడానికి చోటు లేదు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"ఒకటి," అన్నాడు శంకరయ్య.

"రెండు."

"మూడు."

కాంతమ్మ పెంటయ్య చెవి దగ్గరికి వంగింది. "మొగోళ్ల ముందల నాకు సిగ్గయితది. నువ్వే చెప్పు."

చీకట్లోనే పెంటయ్య నవ్వుకున్నాడు. ఒకే ఊపిరిలో అనేశాడు.

"నాలుగు, ఐదు."

ఎక్కడో నీటిచుక్క పడింది.

"రెండూ... నువ్వే చెప్తివా?" అన్నాడు శంకరయ్య.

పెంటయ్యకు దగ్గు ముంచుకొచ్చింది. చేతిలోని ఆమె చేయి జారిపోయింది. తడుముకున్నాడు. బల్ల... ఇనుము... మళ్లీ చేయి దొరికింది. గట్టిగా పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

బండి కుదుపుతో కదిలింది.

వెలుతురు. సొరంగం బయట ఇంజను నీళ్ల కోసం ఆగింది. శంకరయ్య వేలితో తలలు లెక్కపెట్టాడు. "ఐదు. సరిపోయింది." పెంటయ్య మొహం మాత్రం చూడలేదు.

కాంతమ్మ తల మీద కొంగు కప్పుకొని ముందుకు చూస్తోంది.

"కాంతా, పొగ తాకిందా?"

అతని చూపు ఆమె ఎడమ చేతి మీద పడింది. అలవాటుగా లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు.

పన్నెండు. ఒక్కటీ చిట్లలేదు.

అప్పుడు వెనక, సొరంగంలో నుంచి...

"ఏమయ్యా... ఐదు... నాది ఐదు... చెప్తున్న గద!"

పెంటయ్య చేయి లాక్కున్నాడు. పక్కనున్న ఆమె వదల్లేదు. ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసి కిందికి దూకాడు. నడుముకున్న సంచి విప్పి శంకరయ్య ఒళ్లోకి విసిరాడు. "ముప్పై ఐదున్నయ్. అన్నీ తీస్కో. ఆ లాంతరియ్యి, బండి జర ఆపు!"

లాంతరు వెలిగించి ఇచ్చాడు గానీ శంకరయ్య కళ్లు తడిగా ఉన్నాయి. "పోకు తమ్మీ. ఐదుగురం ఎక్కినం, ఐదుగురం వచ్చినం. లోపలున్నది ఎవరో మనకు తెల్వదు."

"నాకు తెలుసు."

సొరంగం నోటిదాకా పరిగెత్తాడు. గాలి లోపలికి లాగుతోంది. లోపల ఏడుపు. ఆమె భయపడకుండా ముందు తన అంకె చెబుదామని పెంటయ్య నోరు తెరిచాడు. మాట ఇంకా బయటికి రాలేదు.

లోపలి నుంచి అచ్చం అతని గొంతే, నింపాదిగా పలికింది.

"నాలుగు."

కాంతమ్మ ఏడుపు ఆగింది. "వచ్చినవా అయ్యా?" అంది. మళ్లీ మెల్లగా అడిగింది. "నీ చెయ్యి ఇంత సల్లగున్నదేంది?"

పెంటయ్య లాంతరు వత్తి పెంచాడు. కుడికాలు ఎత్తి, పట్టాల కింద లోపలి మొదటి దుంగ మీద పెట్టబోయాడు.