గరాటులో మిగిలిన ఎర్ర నూనె

శవం నిలబడే ఉంది.

కొట్టం రాతిగోడకూ ట్రక్కు ముందు బంపరుకూ మధ్య ఈనస్ స్టోవాల్ ఇరుక్కుపోయాడు. తల ఇంజను మీదికి వాలి ఉంది. కుడిచేతిలో గేరు ఆయిల్ చూసే డిప్‌స్టిక్. ఎత్తిన బానెట్ ఆయన మీద చీకటిలా కమ్ముకుంది.

శనివారం. ఉదయం తొమ్మిదీ నలభై. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. జింకల వేట ఆ రోజే మొదలైంది. కొండ అవతల ఒక తుపాకి పేలింది. మళ్లీ నిశ్శబ్దం.

షెరీఫ్ ఆఫీసు ఇన్వెస్టిగేటర్ ఐడా క్రెన్షా ట్రక్కు చుట్టూ ఒకసారి నడిచింది. ఏదీ ముట్టుకోలేదు. ఈనస్ ఆమె వెళ్లే చర్చి మనిషే. ప్రతి ఆదివారం తలుపు దగ్గర నిలబడి చేయి కలిపేవాడు. ఆ చేతిలోనే ఇప్పుడు డిప్‌స్టిక్.

"మొదట చూసింది మీరేనా, రాయ్స్?"

"నేనే." రాయ్స్ టాకెట్ టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. ఈనస్ భార్య జెనీవాకి తమ్ముడు. కంచెకి అవతల ఇల్లు. "అక్క చర్చిలో వంటకి వెళ్లింది. నేను బావని చూద్దామని కంచె దాటి వచ్చా. ఇంజను నడుస్తోంది. మనిషి పలకలేదు."

"ట్రక్కును వెనక్కి తీయలేదేం?"

"నాడి చూశా. లేదు. ఇంక తీసి ఏం లాభం? తాళం తిప్పి ఇంజను ఆపి, మీకు ఫోన్ చేశా."

"ఇంకేమైనా ముట్టుకున్నారా?"

"లేదు."

"గేరు?"

"పార్క్‌లోనే ఉంది, మీరే చూడండి. పార్క్‌లో ఉన్న బండి దానంతటదే కదిలిందంటే తప్పెవరిది? పదిరోజుల కిందట ఆ డార్విన్ మాబ్రీ గేరుబాక్సు విప్పాడు. బాగుచేశాడంట!" అతను నేల మీద ఉమ్మాడు. "ఈ కంపెనీ బండి కొనొద్దని బావకి ముప్పై ఏళ్లుగా మొత్తుకున్నా. మా తాతా, మా నాన్నా, నేనూ ఒకటే కంపెనీ. మా బండి ఎవర్నీ చంపలేదు."

ఆ కొండల్లో మగవాళ్లు చర్చి మారడం ఐడా చూసింది. ట్రక్కు కంపెనీ మారడం చూడలేదు.

ఆమె లోపలికి తొంగిచూసింది. గేరు పార్క్‌లో ఉంది, అంటే చక్రాలు కదలకుండా పట్టేసే మెట్టులో. పార్కింగ్ బ్రేకు వదిలేసి ఉంది. నేల వాలు కంటికి కనిపించీ కనిపించనట్టుంది. ట్రక్కు రెండు గజాలు దొర్లినట్టు చక్రాల గుర్తు.

ఇంజను పక్కన గేరు ఆయిల్ గొట్టంలో ఒక గరాటు గుచ్చి ఉంది. దాని అంచున ఎర్రటి నూనె చుక్క. మడ్‌గార్డు మీద ఖాళీ ఆయిల్ డబ్బా.

కొట్టం తలుపు పక్కన మేకుకి చక్రం కింద పెట్టే ఓక్ చెక్క దిమ్మె వేలాడుతోంది. పై భాగం పొడిగా ఉంది. అడుగున మట్టి తడిగా ఉంది.

ఐడా అన్నిటికీ ఫోటోలు తీసింది. అప్పటికి వాటిలో ఏదీ ఆమెతో మాట్లాడలేదు.

* * *

వారం తిరిగేసరికి ఊరు తీర్పు చెప్పేసింది.

డార్విన్ గ్యారేజీ కిటికీని ఎవరో రాయితో పగలగొట్టారు. బాగుచేయమని ఇచ్చిన బండ్లను జనం తాడుకట్టి లాక్కుపోయారు. ట్రక్కును చూసిన రాష్ట్ర ఇన్‌స్పెక్టర్, గేరు కడ్డీని గేరుబాక్సుతో కలిపే లింకు అరిగిందనీ, పార్క్ జారి ఉండవచ్చనీ అన్నాడు. 'ఉండవచ్చు' అన్న ఒక్క మాట ప్రాసిక్యూటర్‌కు చాలింది. జెనీవా ఫిర్యాదు మీద సంతకం పెట్టింది. సోమవారం కేసు పెడతారు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీసిన నేరం. రుజువైతే జైలు.

శుక్రవారం సాయంత్రం ఐడా అతని గ్యారేజీకి వెళ్లింది. కిటికీకి అట్టముక్క అతికించి ఉంది.

"అసలు ఆ బండి రోగమేంటి, డార్విన్?"

"పొద్దున్నే డ్రైవ్‌లో వేస్తే కాసేపు కదలదండి. తర్వాత ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, చక్రాలకి బలం పోదు. ఆయిల్ తీసి చూస్తే కాలిన వాసన. ఫిల్టరు మార్చి, లోపల గేర్లను పట్టే బ్యాండ్లు బిగించి, కొత్త ఆయిల్ పోశా. వారం తిరిగాక ఆయిల్ ఒకసారి చూసుకో ఈనస్, తగ్గితే పొయ్యి అన్నా."

అతను చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"అన్నది నేనే, ఐడా గారూ. నేను చెప్పబట్టే ఆయన ఆ బండి ముందు నిలబడ్డాడు."

"లింకు సరిగ్గా బిగించావా?"

"బిగించాననే అనుకుంటున్నా. కళ్లు మూసుకుంటే చాలు, దాన్ని విప్పి మళ్లీ బిగిస్తున్నట్టే ఉంటుంది. తప్పెక్కడో దొరకడం లేదు. దొరకనంత మాత్రాన తప్పు లేదని ప్రమాణం చెయ్యగలనా?"

ఐడా కారు వైపు నడిచింది. నేరం చేసినవాళ్లు నిబ్బరంగా ఉండడం ఆమె చాలాసార్లు చూసింది. చేయనివాడు తనను తానే ఇలా తవ్వుకోవడం ఎందుకు? దేవుడు మనస్సాక్షిని అందరికీ సమంగా పంచలేదా?

దారిలో మరో సంగతి గుర్తొచ్చింది. ఈనస్ చనిపోకముందు బుధవారం ప్రార్థన కూటంలో లేచి నిలబడ్డాడు. "ఆదివారం నాకు కొంచెం సమయం కావాలి. సాక్ష్యం చెప్పాలి" అన్నాడు. దేవుడు ఏదో జబ్బు నయం చేశాడని చెప్తాడేమో అనుకున్నారు అందరూ. పాస్టర్ సరేనన్నాడు.

వెనక వరసలో ఒక మనిషి పాటల పుస్తకం మూసేసి, ఆఖరి ప్రార్థన కాకముందే లేచి వెళ్లిపోయాడు.

రాయ్స్.

* * *

మరునాడు పొద్దున్నే ఐడా ఒంటరిగా స్టోవాల్ వాళ్ల కొట్టం దగ్గరికి వచ్చింది. ట్రక్కును గోడ నుంచి వెనక్కి లాగి టార్పాలిన్ కప్పి ఉంచారు. గాలికి దాని అంచులు టపటప కొట్టుకుంటున్నాయి.

చక్రం కింద దిమ్మె పెట్టింది. గేరు పార్క్‌లోనే ఉంచి, ఇంజను స్టార్ట్ చేసి బాగా వేడెక్కనిచ్చింది. డిప్‌స్టిక్ లాగింది. తుడిచి మళ్లీ ముంచింది.

ఆయిల్ నిండు గీత దాటి చాలా పైకి ఉంది.

మరోసారి. మళ్లీ అంతే.

ఇంత ఉంటే ఈనస్ ఎందుకు పోశాడు? ఒక్క డబ్బాతో ఇంత పెరగదు. పోయకముందు కూడా నిండుగానే ఉండి ఉండాలి. నిండిన దాంట్లో ఎవరు పోస్తారు?

ఆమె మళ్లీ ఎక్కి కూర్చుంది. బ్రేకు బలంగా తొక్కి గేరు కడ్డీని ఒక్కో మెట్టే కిందికి లాగింది. ఒక చోట ఆపింది. పార్కింగ్ బ్రేకు తొక్కిపెట్టి, దిగి, మళ్లీ చూసింది.

ఈసారి డిప్‌స్టిక్‌కు ఫోటో తీసింది.

తరువాత గేరు మళ్లీ పార్క్‌లో వేసి, ఇంజను ఆపి, దిమ్మె తీసి మూడు ఫోన్లు చేసింది.

* * *

పదకొండు గంటలకు అందరూ వచ్చారు. జెనీవా ఈనస్ పాత కోటు వేసుకుంది. డార్విన్ ఆమె వైపు చూడలేక కంచె దగ్గరే ఆగిపోయాడు. రాయ్స్ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. గేటు అవతల డెప్యూటీ కారు ఆగి ఉంది.

"వీడినెందుకు పిలిచారు ఆఫీసరమ్మా?" అన్నాడు రాయ్స్. "ఇంకో బండి పాడుచేయడానికా?"

"ఊరుకోరా" అంది జెనీవా అలసటగా.

"ఒక చిన్న సహాయం, రాయ్స్. ఆ రోజు ఈనస్ ఏం చేస్తున్నాడో ప్రాసిక్యూటర్‌కు చెప్పాలి. నాకు బండ్ల సంగతి అంతగా తెలీదు. గేరు ఆయిల్ ఎలా చూస్తారో చేసి చూపిస్తారా?"

"ఇదేం పెద్ద విద్య? మా బామ్మ కూడా చూసేది."

అతను ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. గేరు కడ్డీ ముట్టుకోలేదు. దిగివచ్చాడు. బానెట్ ఎత్తాడు. కాసేపు వేడెక్కనిచ్చి డిప్‌స్టిక్ లాగి తుడిచి, ముంచి, మళ్లీ లాగాడు.

"ఇదిగో. నిండుగా ఉంది. నిండడమేంటి, పొంగిపోతోంది. అంత ఎక్కువ పోశాడు మీ మెకానిక్కు."

"గేరు ఎక్కడుంది?"

"పార్క్‌లో. ఇంకెక్కడుంటుంది?"

"ఎవరైనా అలాగే చూస్తారా?"

"ఈ భూమ్మీద ఎవడైనా అలాగే చూస్తాడు!"

"కాదు."

ఆ మాట ఐడా అనలేదు. జెనీవా అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ట్రక్కును చూస్తోంది.

"ఆయన పార్క్‌లో ఎప్పుడూ చూడలేదురా. ఈ కంపెనీ బండికి న్యూట్రల్‌లోనే చూడాలనేవాడు. నన్ను లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కిపట్టమనేవాడు. 'న్యూట్రల్, జెనీవా, న్యూట్రల్! వింటున్నావా?' అని అరిచేవాడు. పెళ్లయిన కొత్తలోంచీ అదే అరుపు." ఆమె గొంతు తగ్గింది. "ఆ రోజు నేను చర్చికి వెళ్లాను. నేను లేకపోతే పార్కింగ్ బ్రేకు తొక్కి, చక్రం కింద దిమ్మె పెట్టుకునేవాడు. మర్చిపోయే మనిషి కాదు."

డార్విన్ కంచె దగ్గర నుంచే మెల్లగా అన్నాడు. "నిజమే. ఈ రకం గేరుబాక్సు పార్క్‌లో ఉంటే ఆయిల్ పూర్తిగా తిరగదు. కింద తొట్టిలోనే ఉండిపోతుంది. తక్కువున్నా డిప్‌స్టిక్ ఎక్కువే చూపిస్తుంది. గేరు పార్క్‌లో ఉందనే విన్నా గానీ, ఆయన ఆయిల్ పోశాడని నాకెవరూ చెప్పలేదండి."

"చెప్పాల్సింది నేను" అంది ఐడా. "గరాటూ డబ్బా మొదటి రోజే చూశాను. వాటి అర్థం అడగలేదు."

ఆమె రాయ్స్ ఎదుటికి వచ్చి నిలబడింది.

"ఈనస్ ఒక డబ్బా పోశాడు. అంటే ఆయనకు తక్కువ కనిపించింది. తక్కువ కనిపించాలంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలి. పోశాక డిప్‌స్టిక్ ఆయన చేతిలోనే ఉంది. అంటే మళ్లీ లోపలికి వెళ్లలేదు. మరి నేను వచ్చేసరికి గేరు పార్క్‌లో ఎందుకుంది?"

రాయ్స్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇంజను ఆపింది మీరు. తాళం తప్ప ఏదీ ముట్టుకోలేదన్నారు."

"చేయి తగిలి ఉంటుంది..."

"దిమ్మెకి కూడా తగిలిందా? అది మేకుకి వేలాడుతోంది, అడుగున తడి మట్టితో. చక్రం కింద నుంచి దాన్ని తీసి మేకుకు తగిలించింది చచ్చిపోయిన మనిషా?"

కొండ అవతల మళ్లీ తుపాకి పేలింది. ఎవరూ అటు చూడలేదు.

"బానెట్ ఎత్తి ఉంది. లోపల ఎవరున్నారో ముందు నిలబడ్డ మనిషికి కనబడదు. మీరు దిమ్మె తీశారు. పార్కింగ్ బ్రేకు వదిలారు. బండి దొర్లింది. న్యూట్రల్‌లో వదిలేస్తే బ్రేకు ఏమైందని అడుగుతారు. పార్క్‌లోకి తోస్తే గేరుబాక్సు మీదికి పోతుంది. మీ ఇంట్లో అందరూ పార్క్‌లోనే ఆయిల్ చూస్తారు. ఈనస్ కూడా అంతేననుకున్నారు."

జెనీవా రెండడుగులు ముందుకు వేసింది.

"రాయ్స్. నా కళ్లలోకి చూసి లేదని చెప్పరా."

అతను చూడలేదు. టోపీ చేతిలోంచి జారి మట్టిలో పడింది.

"ఆదివారం దాకా గడువిచ్చాడు అక్కా." కళ్లు టోపీ మీదే ఉన్నాయి. "రెండేళ్ల కిందట కలప మిల్లు తగలబెట్టింది నేనే. నన్ను పనిలోంచి తీసేశారని. లోపల కాపలా ముసలాడు పడుకున్నాడని, కాలి చచ్చిపోతాడని నాకు తెలీదు. దేవుడి తోడు తెలీదు. ఆ రాత్రి రోడ్డు మీద నా బండిని బావ చూశాడట. ఇన్నాళ్లూ దాచాడు. 'ఇక నా వల్ల కాదు. నువ్వే లేచి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా' అన్నాడు."

"ఆ గడువు నిన్ను పట్టించడానికి కాదురా" అంది జెనీవా. "నువ్వే లేచి నిలబడతావని ఆశపడి."

డెప్యూటీ వచ్చి అతని చేతులు వెనక్కి కట్టాడు. రాయ్స్ ఎదురుతిరగలేదు. కారు తలుపు మూసుకున్న చప్పుడు లోయంతా వినబడింది.

ఆ నాలుగు రోజుల గడువు ఇవ్వకపోతే ఈనస్ బతికేవాడు. ఇచ్చినందుకు ఆయన చేసింది తప్పవుతుందా? ఐడా ఆ ప్రశ్నను అలాగే వదిలేసింది. దాన్ని అడగాల్సిన చోటు వేరే ఉంది.

"ఒక్క కొలత మిగిలింది" అంది. "న్యూట్రల్‌లో ఎంత ఉందో సాక్షుల ముందు చూడాలి. నేను పొద్దున చూశాను, కానీ ఒక్కదాన్నే. డార్విన్, నువ్వు చూడు. నేను లోపల కూర్చుంటా."

డార్విన్ ట్రక్కు ముందుకు వచ్చి ఆగిపోయాడు. వెనక రాతిగోడ. ముందు బంపరు. ఎత్తిన బానెట్. ఈనస్ నిలబడ్డ చోటు అదే.

"నువ్వొద్దు ఐడా. నేను కూర్చుంటా" అంది జెనీవా.

ఆమె తలుపు పట్టుకుని మెట్టెక్కింది. కోటు సర్దుకుంది. బ్రేకు మీద కాలు పెట్టింది. పార్క్‌లోంచి కడ్డీని మెల్లగా లాగింది. బండి ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి ఆగింది.

డార్విన్ గోడ వైపు ఒకసారి చూశాడు. తన మీద ఫిర్యాదు చేసిన మనిషి కాలు ఆ బ్రేకు మీద ఉంది. బానెట్ వెనక ఆమె ముఖం అతనికి కనబడదు.

అతను కళ్లు మూసుకుని, తెరిచి, బంపరుకూ గోడకూ మధ్యకు వెళ్లాడు. వంగాడు.

"న్యూట్రల్, డార్విన్" అని బానెట్ వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "గట్టిగా తొక్కిపట్టాను. భయపడకు. నింపాదిగా చూడు బాబూ."

అతను డిప్‌స్టిక్ లాగాడు. వెలుతురుకు ఎత్తిపట్టాడు.

ఎర్రటి నూనె సరిగ్గా నిండు గీత దగ్గర ఆగి ఉంది. ఈనస్ పోసినంత మేరకు.