లిఫ్టు గుంత దగ్గర బాలమణి

ముంబై హైవే మీద, జహీరాబాద్ దాటీ దాటకముందే, సగం లేచిన ఒక షాపింగ్ కాంప్లెక్సు ఉంది. చీకటి పడ్డాక దాని మూడో అంతస్తుకు ఎవరూ పోయేవాళ్లు కాదు. అక్కడ బాలమణి ఉందనేవాళ్లు. లిఫ్టు కోసం వదిలిన గుంత అంచున జుట్టు విరబోసుకుని కూర్చుంటుందట. అటు వచ్చినవాళ్ల కాలు పట్టి లోపలికి లాగుతుందట.

ఈ మాట మొదట అన్నది కాంట్రాక్టరు రామచందర్. అంటాడు మరి. లాగింది దెయ్యమని తేలిపోతే, ఇక రెయిలింగు ఎందుకు లేదని ఎవరడుగుతారు?

బాలమణిది న్యాల్‌కల్ వైపు. ఆ బిల్డింగులో తట్ట మోసేది. గుంత మీద ఒక ప్లైవుడ్ షీటు పరిచి ఉండేది, అందరూ దాని మీది నుంచే నడిచేవాళ్లు. ఒకనాడు సెంట్రింగుకు షీటు తక్కువ పడింది. ఎవరో దాన్ని లాక్కుపోయి, కిందికి దుమ్ము రాలకుండా ఖాళీ సిమెంటు సంచులు కప్పి పోయారు. బాలమణి రోజూ వేసినట్టే అడుగు వేసింది.

షీటు ఎవరు తీశారని ఎవరూ అడగలేదు. ఆమె ఆ రోజు ముట్టులో ఉందా అని అడిగారు. శవం దవాఖాన నుంచి రాకముందే జవాబు కూడా వాళ్లే చెప్పుకున్నారు. బిల్డింగు మైలపడిందనీ, అందుకే ప్రాణం కోరిందనీ తేల్చి మేకను కోశారు. బూడిద గుమ్మడికాయ కొట్టారు. గుంత పైన మీసాల దిష్టిబొమ్మను వేలాడదీశారు. అడ్డంగా రెండు పైపులు కట్టడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు. మేక మాంసం తినడానికి దొరికింది.

ఆ తర్వాతే... గొంతు వినిపించడం మొదలైంది.

మొదట విన్నవాడు వీరేశ్ మేస్త్రీ. మరిచిపోయిన కొలత టేపు కోసం మసక వెలుతురులో పైకి పోయాడు. గుంత దగ్గరికి రాగానే, చెవి పక్కనే అన్నట్టు — "జర ఆగు."

ఆగలేదు. చెప్పులు అక్కడే వదిలి వచ్చాడు.

తర్వాత కరెంటు పనివాడు విన్నాడు. వాచ్‌మన్ గుండయ్యనైతే అడగక్కర్లేదు, టీకొట్టు దగ్గర నిలబడి తానే చెప్పేవాడు. తెల్లగా ఏదో కదిలిందని ఒట్టేసేవాడు.

ఇదంతా నాకు చెప్పిన శరణమ్మ కూడా అక్కడ తట్ట మోసేదే. బాలమణి, ఆమె ఒకే డబ్బాలో తిన్నవాళ్లు.

నాలుగో స్లాబు పోసిన రోజు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపరాదు. పోసిన కాంక్రీటు మాలు గట్టిపడితే కొత్త మాలు దానితో కలవదు, ఆ అతుకులోంచి జీవితమంతా నీళ్లు కారుతాయి. అట్లాంటి రోజే, పొద్దుగూకాక, మాలును పైకి లాగే మెషిను వైరు తెగింది. ఇక మెట్ల మీదుగా మోయాల్సిందే. మూడో అంతస్తులో మెట్లు తేలేది సరిగ్గా గుంత పక్కకే.

మగవాళ్లు మేం పైన మాలు పరుస్తామన్నారు, కిందికి దిగలేదు. ఆడ దెయ్యం ఆడోళ్లను ఏం చేస్తుందిలే అని వీరేశ్ నవ్వాడట. నవ్వు మెట్ల దాకా కూడా రాలేదంటుంది శరణమ్మ.

వరసలో ముందున్నది ఆమే. నెత్తిన తట్ట, వెనక పదిమంది. మూడో అంతస్తు చేరుతుండగా... కరెంటు పోయింది.

కింద మాలు కలిపే మిల్లరు మాత్రం డీజిల్ మీద తిరుగుతూనే ఉంది. చీకట్లో ఆ గరగర తప్ప ఇంకేమీ లేదు. కాలి కింద ఏముందో తెలియదు. శరణమ్మ ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేయబోయింది —

"జర ఆగు."

వెనక ఉన్నవాళ్లు గోడకు అతుక్కుపోయారు. శరణమ్మ లేచిన కాలు లేచినట్టే ఉంది. భయంతో పాటు ఆమెకు ఇంకొకటి కూడా తోచింది. లాగే దెయ్యమైతే ఆగమని ఎందుకంటుంది?

"బాలమణీ... నువ్వేనా?"

ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. లాగలేదు... వెనక్కి నెట్టింది.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

శరణమ్మ అరవలేదు. తట్ట దించింది. అక్కడే కూర్చుంది. వెనక ఉన్నవాళ్లకు ఏదో గుసగుసగా చెప్పింది. ఒక్కొక్కరే తట్టలు దించారు.

పైనుంచి మాలు ఏదని వీరేశ్ కేకలు. కింద మిల్లరు దగ్గర రామచందర్ బూతులు. స్లాబు ఆరిపోతోంది, ఎవరి మొగుడు కడతాడని అరుస్తూ అతను గుంత కింది వాకిట్లో నిలబడి పైకి చూశాడు. అప్పుడు గుంతలోంచి, నాలుగు గోడలకూ తగులుతూ, ఆడగొంతు దిగింది.

"మేక వద్దు... గుమ్మడికాయ వద్దు... పైపులు గట్టు."

రామచందర్ వెంటనే పైపులూ క్లాంపులూ పైకి పంపాడు. వీరేశ్, మరొకతను దిగివచ్చి సెల్‌ఫోన్ల వెలుగులో, గుంత వైపు మొహం తిప్పకుండా బిగించారు. పక్కన చీకట్లో ఎవరెవరు కూర్చున్నారో చూసే ధైర్యం ఇద్దరికీ లేదు. ఆఖరి బోల్టు పడ్డాక ఆడవాళ్లు లేచి తట్టలెత్తుకున్నారు. స్లాబు సాగింది.

కరెంటు వచ్చేసరికి రామచందర్ కూడా పైకి వచ్చాడు. లేత వయసు పిల్ల ఒకతె పైపులకు ఇవతల, నెత్తిన పసుపు హెల్మెట్టుతో నిలబడి ఉంది. బాలమణి బిడ్డ, పూజిత. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఊడ్చే పని. అక్కడ చిన్న మెట్టుకు కూడా పట్టుకునే పైపు ఉంటుంది, హెల్మెట్టు లేకుండా గేటు దాటనియ్యరు. డ్యూటీ దిగాక రోజూ ఇక్కడికి వచ్చి చీకట్లో కాపలా కూర్చునేది. గుండయ్యే లోపలికి వదిలేవాడు. రెయిలింగు కట్టమని తాను చెబితే వినని సేటు, దెయ్యం చెబితేనన్నా వింటాడని పూజిత ఆశ.

"దొంగ లం..." అని మొదలుపెట్టాడు రామచందర్. చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసి మిగతాది మింగాడు.

"దయ్యమని మీరే పేరువెట్టిన్రు సేటూ," అంది పూజిత. "వెట్టినంక పని జెయ్యాలె గద."

పైపులు విప్పెయ్యమని వీరేశ్‌కు చెప్పాడతను. వీరేశ్ స్లాబు వైపు చూస్తూ వినపడనట్టు నిలబడ్డాడు. ఇంకొకతనికి చెప్పాడు. అతనూ కదలలేదు.

"నువ్వే విప్పు సేటూ," అంది పూజిత, జరిగి దారి ఇస్తూ. "ఫికర్ లేదు, ఎవ్వరూ లాగరు. అంచుకు నిలవడి విప్పాలె, గంతే."

రామచందర్ పానా లాక్కుని విసురుగా వచ్చాడు. బోల్టు మీద పానా పెట్టడానికి వంగాడు. వంగినప్పుడు కిందికి చూశాడు. మూడంతస్తుల లోతు, అడుగున పైకి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలు... ఆ బిల్డింగు కట్టిస్తున్న మనిషి పైనుంచి ఆ గుంతలోకి చూడటం అదే మొదటిసారి.

పానా చేతిలోంచి జారింది. అది కింద పడిన చప్పుడు రావడానికి క్షణం పైనే పట్టింది.

రెండు చేతులతోనూ పైపును పట్టుకున్నాడు. అతని వేళ్లు విడిపించడానికి వీరేశ్ రావాల్సి వచ్చిందట.