ఎంకమ్మ మోసిన పైకప్పు

ఆగండి... ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వినండి. దబ్... దబ్... దబ్... పైకప్పు మీద సున్నం కొట్టే చెక్క దిమ్మిస చప్పుడు అది. పైన మాత్రం మనిషన్నవాడు లేడు!

1969. జ్యేష్ఠ అమావాస్య, మిట్టమధ్యాహ్నం. చిక్కడపల్లి మీద కాలమేఘం కమ్ముకుని పట్టపగలే కాళరాత్రిలా ఉంది. ఎక్కడో గుడ్లగూబ కూసింది. ఆ పాత డంగుసున్నపు మిద్దె నడిమింట్లో విద్యావతి కూర్చుంది. ఎదురుగా కుంకుమ పూసిన కపాలం... దాని వెనక నిప్పుకణికల్లాంటి కళ్లతో మంత్రగాడు ఇంద్రసేన!

ఇల్లు నిలబెట్టమని అతణ్ణి పిలిపించుకున్నది ఆమే. నారాయణగూడలో పంతులమ్మ ఆమె, పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లోనే ఉంది. తాత కట్టిన ఇల్లు. అన్న రాఘవేందర్ దీన్ని హోటల్ కట్టేవాళ్లకు అమ్మేశాడు. చుట్టుపక్కల అలాంటి మిద్దెలన్నీ ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. కాపాడమని అర్జీ పట్టుకుని పురావస్తు శాఖకు వెళితే అక్కడి గుమస్తా నవ్వాడు.

"కోటలు, గోరీలు అయితె చరిత్ర, టీచరమ్మా. మీ వంటిల్లు గూడ చరిత్రేనా?"

రేపు గడ్డపారలు వస్తాయి. నిజానికి ఇవాళే రావాలి. అమావాస్య నాడు కట్టుబడి పనివాళ్లు పనిముట్టు ముట్టరు గనక ఈ ఒక్కరోజు మిగిలింది.

"ఈ ఇంట్ల సచ్చినోళ్లు ఎవరన్న ఉన్నరా?" గద్దించాడు ఇంద్రసేన.

"ఎంకమ్మని ఒక కూలామె. కప్పు మీద దిమ్మిస కొట్టంగ కొట్టంగ కిందవడ్డదంట. ఆమె పేరు మీద మా నాయనమ్మ ఆ గూట్ల రోజూ దీపం పెడుతుండె. ఇప్పుడు నేను పెడుత. అమాసనాడు మాత్రం పెట్టం. ఆమెకు సెలవు."

"దయ్యాలకు గూడ సెలవులా? ఇదేమన్న సర్కారు ఆఫీసా?" పకపకా నవ్వి, భస్మం పూసిన ఇనుప మేకును దీపపుగూట్లో పెట్టి సుత్తితో దిగ్గొట్టాడు. "ఎంకీ... మొయ్యి. కల్పాంతం దాక ఈ కప్పు మొయ్యి."

ఆకాశం ఫెళ్లున పగిలింది! విద్యావతి వెన్ను విల్లులా వంగింది. చేతులు వాటంతటవే తల మీదికి లేచిపోయాయి. అప్పుడే... అద్భుతం! గోడల బీటలు వాటికవే పూడుకున్నాయి. వెలిసిన కమాను గచ్చు మళ్లీ ముత్యంలా మెరిసింది. కిటికీల రంగుటద్దాలు కొత్తగా వెలిగాయి. ఆమె ఏళ్ల తరబడి కలగన్న ఇల్లు, చెక్కుచెదరకుండా, కళ్లెదుట!

కానీ ఆ బరువు... అమ్మో, ఆ బరువు! అరచేతుల్లో సున్నం పొక్కులు లేచి చిట్లాయి. ఆమె నోట ఇంకెవరిదో గొంతు పలికింది.

"దొరా... ఇయ్యాల అమాస. పని బంద్."

"నీకిక అమాస లేదు." కొరడా ఝుళిపించాడు ఇంద్రసేన. కపాలం కళ్లలో నీలిమంట లేచింది.

ఆ గొంతు ఈసారి విద్యావతినే బతిమాలింది. "బిడ్డా... చేతులు గుంజుతున్నయి. జర దింపుకోనీ."

విద్యావతి కమాను వంక చూసింది. రంగుటద్దాల వంక చూసింది. మేకు ఉంటేనే ఇల్లు ఉంటుంది. తన దీపం వెలుగులో ఇన్నేళ్లు కూర్చున్న మనిషికి మాత్రం సెలవనేదే ఉండదు... కన్నీళ్లు ధారగా కారుతుంటే పైకెత్తిన చేతులను బలవంతంగా కిందికి లాక్కుని, గూటి దాకా పాకి, కాలుతున్న మేకును రెండు చేతులా పట్టుకుంది.

"ముట్టకు. ముడితె ఇల్లు కూలుతది," గర్జించాడు ఇంద్రసేన.

"తెలుసు," అంది విద్యావతి. "ఎంకమ్మా, నీకు సెలవు. పో." మేకు ఊడిపడింది.

దిమ్మిస చప్పుడు ఆగిపోయింది. కపాలం వెయ్యి ముక్కలైంది! "ఎంకీ, ఆగు" అన్న ఇంద్రసేన కేక పూర్తికాకుండానే పైకప్పు మొత్తం అతని మీద విరుచుకుపడింది. పొక్కుల చేతులేవో విద్యావతిని పసిపాపలా ఎత్తి వాకిట్లో దింపాయి.

రాఘవేందర్ పరుగున వచ్చాడు. దుమ్ములో ఒక్క గోడా, ఖాళీ దీపపుగూడూ మిగిలాయి.

"నీకేం కాలే గద చెల్లే? ఇదంత ఏంది? రేపొచ్చేటోళ్లకు ఏం చెప్పాలె?"

"రావద్దని చెప్పన్నా. ఇక కూలగొట్టెతందుకు ఏమున్నది?"

ఆ గూడు ముందు కూర్చుని, కాలిన చేతులు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా ఏడ్చింది విద్యావతి. దీపం మాత్రం పెట్టలేదు. ఇంకా అమావాస్య పోలేదు కదా...

ఆ మేకు మీ చేతుల్లో ఉంటే, మీరేం చేసేవారు?